తెప్పలపాలెం తిండి సర్వే

నమోదు 1

మెరక ఆఫీసు వారు కొత్త కంప్యూటరుతో పాటు ఒక ఆర్డరు కూడా పంపారు. మెసేజీల కొట్టు చూసే మనిషి దాని పనితీరు మీద చిట్టా రాయాలట. మెసేజీల కొట్టు చూసే మనిషంటే నేనే, ఓలేటి పళ్ళాలమ్మని. రాస్తున్నాను. బావుంటే బావుందని రాస్తాను, బాగోకపోతే మొహమాటం లేకుండా దులిపేస్తాను. తర్వాత నన్ను అనొద్దు.

పాత కంప్యూటరు ఎలా పాడైందని అడిగారు. అందులో పీత కాపురం పెట్టింది. లోపల గరగరమంటుంటే ఫ్యాను అరిగిందనుకున్నాను. మొన్న మూత విప్పి చూద్దును కదా, డెక్కలు రెండూ ఎత్తుకుని నా మీదికే వచ్చింది, కొంప తనదైనట్టు. వెనకాల పిల్లపీతలు కూడా ఉన్నాయి.

"పాపం, పిల్లల తల్లే. ఉండనియ్యరాదూ," అన్నాడు మా ఆయన వీరాసామి.

ఆయన తాళ్ళు పేనే మనిషి. కంప్యూటరు లేకపోతే ఊరికి నోరు లేనట్టేనని ఆయనకు చెప్పి నేను నెగ్గలేను.

కొత్తది సరుకుల పడవలో వచ్చింది. అట్లపెనమంత ఉంది. దాన్ని బిగించడానికి శర్వాణి అని ఒక ఇంజనీరమ్మాయి కూడా వచ్చింది. పాపం మెరకలో, గట్టి నేల మీద పుట్టి పెరిగిన పిల్ల, మా తెప్ప ఊగుడికి కళ్ళు తేలేసింది. వెదురు టవరుకు తీగ తగిలిస్తూ ఒకసారి, నాకు మీటలు చూపిస్తూ రెండుసార్లు సముద్రంలోకి వాంతి చేసుకుంది.

"అమ్మాయ్, ఏవన్నా తిన్నావా?" అన్నాను.

"తిండి మాట ఎత్తకండమ్మా, మీకు దండం పెడతాను," అంది.

నిమ్మకాయ కోసి చేతిలో పెట్టాను. అది చప్పరిస్తూ పడవెక్కింది. పడవ కదిలాక లేచి నిలబడి, "ఇది చాలా తెలివైనదమ్మా! మాటలో సారం పట్టుకుని అదొక్కటే పంపుతుంది! కరెంటు బోలెడు మిగులుతుంది!" అని అరిచింది. సారమంటే ఏమిటో అడుగుదామనుకునే లోపే పడవ వెళ్ళిపోయింది.

నమోదు 2

పొద్దున్నే సోలారు పలకల మీద ఉప్పు తుడిచాను. నాచు ఆరేశాను. తర్వాత కొట్లో కూర్చున్నాను. కూర్చున్నానో లేదో పని అయిపోయింది. ఇంకా ఎండ నడినెత్తికి రాలేదు.

ఇలా ఎప్పుడూ జరగలేదు. మా ఊళ్ళో ఫోను నుంచి ఫోనుకు నేరుగా ఏదీ పోదు. ఎవరేం రాసినా ముందు నా కంప్యూటరులో పడుతుంది, నేను మీట నొక్కితే అవతలి ఫోనుకు చేరుతుంది. కేకలేసుకుందామంటే గాలి మాట తినేస్తుంది. ఒక తెప్పకూ ఇంకో తెప్పకూ మధ్య తాడు పొడవునా నీళ్ళు. అందుకని కూరలో కారం దగ్గర్నుంచి కానుపు కబురు దాకా అన్నీ నా చేతి మీదుగా వెళ్ళాల్సిందే. ఊళ్ళో సంగతులన్నీ ముందు నాకే తెలుస్తాయని కొందరికి కడుపుమంట. మండనివ్వండి.

పాత కంప్యూటరు రోజుల్లో దీపాలవేళ దాకా నడుం ఎత్తేదాన్ని కాదు. మచ్చుకి ఒకటి చెబుతాను. మా కట్టుపెద్ద లంకె సోమరాజు గారు, అంటే ఎవరి తెప్ప ఎవరికి కట్టాలో చెప్పే పెద్దమనిషి, వలలు కుట్టే ఏసుమణిని ఒక సుత్తి అడగాలి. ఎలా అడుగుతారు?

"అన్నం తిన్నావా ఏసుమణీ?"

"ఆయ్, తిన్నామండి. తమరు తిన్నారా?"

"ఇప్పుడే అయ్యింది. ఏం కూర?"

"చందువా ఇగురండి. తమకో?"

"మాకూ చందువాయే. పిల్లలు కులాసా?"

ఇలా నడిచి నడిచి, చివరికి ఎక్కడో, "చేతిలో ఖాళీగా సుత్తి ఏమైనా ఉంటే కాస్త పంపు తల్లీ," అని వస్తుంది. ముందు తిండి అడగాలి, తర్వాతే పని. మా ఊళ్ళో అది మర్యాద. అడిగినవాళ్ళకు "తిన్నాం" అనే చెప్పాలి, అదీ మర్యాదే. కడుపు కాలుతున్నా సరే తిన్నామనాలి. పొరపాటున "లేదు" అన్నారో, అడిగినవాళ్ళు చేతిలో పని పడేసి అన్నం మోసుకుని బయల్దేరాల్సిందే. గాలి అనకూడదు, వాన అనకూడదు. ఒకసారి సోమరాజు గారు తడివేలితో చూసుకోకుండా "లేదు" నొక్కేశారు. ఆ రోజు ఆయన్ని పలకరించిన ఇళ్ళవాళ్ళంతా గిన్నెలతో దిగారు. ఆ బరువుకు ఆయన తెప్ప ఒక పక్కకి ఒరిగిపోయింది. అప్పట్నుంచీ ఆయన ఫోను ముట్టుకునే ముందు చెయ్యి పంచెకు తుడుచుకుంటారు.

కొత్త కంప్యూటరులో ఇవాళ ఆ హడావుడి ఏమీ లేదు. అందరూ రెండేసి మాటల్లో తేల్చేశారు. జనానికి బుద్ధొచ్చింది, నా వేళ్ళకు విశ్రాంతి వచ్చింది అనుకున్నాను. మధ్యాహ్నం హాయిగా కునుకు తీశాను. కంప్యూటరు బాగా పనిచేస్తోందని రాసుకోండి.

నమోదు 3

కంప్యూటరు సంగతి తర్వాత. నాకు ఒళ్ళు మండుతోంది.

మా పక్క తెప్ప మా వదిన గారిది, మేడిశెట్టి సత్తెమ్మ. మా ఆయనకు అక్క. నా పెళ్ళినాడు మా తెప్పను ఆవిడ తెప్పకు కట్టిన ముడి ఇప్పటి దాకా ఎవరూ విప్పలేదు. ఊరి పెద్దలంగరు కూడా ఆవిడ దగ్గరే ఉంటుంది. తుఫాను వస్తే ఆ లంగరు దింపి, దాని చుట్టూ తెప్పలన్నీ దగ్గరగా లాగి కట్టేసి, ఊరంతా ఒకే ముద్దగా ఉంటాం. ఆ లంగరు లేకపోతే మేం సముద్రం మీద కట్టెపుల్లలం. ఆ సంగతి మా వదినకు బాగా తెలుసు. ఆవిడ నడకలో తెలుస్తుంది, మాటలో ఇంకా బాగా తెలుస్తుంది.

నిన్న చింతపండు పులుసు పోసి కానాగంత చేపలు వండాను. ఒక గిన్నె బుట్టలో పెట్టి తాడు మీదుగా ఆవిడకు జార్చాను. ఇవాళ ఆవిడ దగ్గర్నుంచి మెసేజీ వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"పులుసులో ఉప్పెక్కువ. గిన్నె పంపుతున్నాను."

అంతే. తిన్నావా లేదు, పళ్ళాలూ అని పిలుపు లేదు. నేనేమన్నా ఆవిడ ఇంట్లో వంటమనిషినా? సరే, పెద్దావిడ, పైగా భుజం పట్టేసి బాధపడుతోంది అని తమాయించుకుని, ఓపిగ్గా ఇంత పొడుగు జవాబు టైపు చేశాను. "వదినగారూ, అన్నం తిన్నారా? ఉప్పు చెయ్యి జారింది, ఏమనుకోకండి. భుజానికి నువ్వులనూనె రాసుకున్నారా? తమ్ముణ్ణి పంపమంటే పంపిస్తాను, కాపడం పెడతాడు. ఈసారి పులుసు మీరు చెప్పినట్టే పెడతాను, సరేనా?" అని.

నాకు ఇంత మంచితనం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకే తెలియలేదు. మీట నొక్కాను. జవాబు రాలేదు.

నమోదు 4

పొద్దున లేచేసరికి పక్కన తెప్ప లేదు.

మా ఊళ్ళో కోపమొస్తే అరవరు. తాడు విప్పేస్తారు. మా ఆయన నీళ్ళలో తేలుతున్న తాడు కొస లాక్కుని, ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అక్కే ఇప్పింది. కోసెయ్యలేదు, ఇప్పింది," అన్నాడు. "ఏవన్నావే నువ్వు?"

"ఏవంటానయ్యా? నూనె రాసుకోమన్నాను. కాపడం పెట్టిస్తానన్నాను!"

"మరి మా అక్కకి కాపడం అంటే అంత కోపవేంటి?"

దూరంగా చూస్తే, నీళ్ళలో మునిగిపోగా కొస మాత్రమే పైకి కనిపించే పాత సెల్‌టవరు లేదూ, దాని పక్కన వదిన తెప్ప నల్లగా చుక్కలా ఉంది. లంగరు కూడా అక్కడే. ఆవిడొక్కతే కాదు, తూర్పు వరసలో సగం తెప్పలు విడిపోయి తలోదిక్కుకు జరిగిపోయాయి.

ఇంతలో ఏసుమణి పడవ వేసుకుని గాలికంటే ముందు వచ్చింది. ఒంటికాలి మీద లేచింది.

"పళ్ళాలక్కా, నువ్వే సెప్పు! నానేవన్నా ఆయన పాలేరునా? ‘సుత్తి పంపు’ అంటాడా? పలకరింపు లేదు, పాడు లేదు! కట్టుపెద్దయితే నెత్తినెక్కుతాడా?"

ఆవిడ మాట ముగియకుండానే రెండో వైపు నుంచి సోమరాజు గారి పడవ తగిలింది.

"పళ్ళాలమ్మా, ఏసుమణి నాకు ఏం పంపిందో చూశావా? ‘నాది విరిగింది’ అంట! అంతే! నేను దాని పిల్లల్ని అడిగాను, మనవణ్ణి అడిగాను, కూర కూడా అడిగాను. ముక్కుసూటిగా మొహాన కొట్టింది!"

"ఎవర్నడిగారండీ? ఎప్పుడడిగారు?"

ఆయన చెయ్యి పంచెకు తుడుచుకుని ఫోను తీశారు. అందులో ఆయన రాసింది మొత్తం ఉంది, చందువాతో సహా. ఏసుమణి తన ఫోను తీసింది. అందులో రెండే మాటలున్నాయి: "సుత్తి పంపు." ఏసుమణి పంపిన జవాబు ఆవిడ ఫోనులో చిన్న కథంత ఉంది. ఆయనకు చేరింది "నాది విరిగింది". ముగ్గురం రెండు ఫోనులూ పక్కపక్కన పెట్టుకుని మార్చి మార్చి చూశాం. కంప్యూటరులో ‘పంపినవి’ అన్న మీట నొక్కి మా వదినకు పంపింది తీశాను.

అంత పొడుగు జవాబులోంచి ఆవిడకు చేరింది ఇది: "సరే."

ఉప్పెక్కువైందే అన్నందుకు, సరే! అటువంటి మాట నాకొస్తే నేను తాడు విప్పడమే కాదు, ఆ తాడుతో కొట్టేదాన్ని. ఆవిడ పంపిందాంట్లో కూడా ఇంకెన్ని మాటలున్నాయో, ఈ అట్లపెనం ఏం మింగేసిందో! తిన్నావా అనే మాట దీనికి చెత్తలా కనిపించింది కాబోలు. ఊళ్ళో ఒకరినొకరు పలకరించుకున్నవన్నీ ఏరి ఏరి అవతల పారేసింది.

సోమరాజు గారూ ఏసుమణీ అక్కడే రాజీ పడ్డారు. మిగిలినవాళ్ళకు ఎలా చెప్పాలి? మెసేజీ పెడితే దాన్నీ కత్తిరిస్తుంది. శర్వాణికి ఈ గొడవంతా వివరంగా రాసి, ఈ కత్తిరింపు తక్షణం ఆపమన్నాను. అటు పోయింది: "యంత్రం బాగోలేదు. కత్తిరింపు ఆపు." వచ్చిన జవాబు: "ఆపడం కుదరదు. సర్వేలకు కత్తిరింపు లేదు."

నేను ఏడుస్తుంటే సర్వేల కబుర్లా? నిమ్మకాయ తిన్న విశ్వాసం కూడా లేదు ఆ పిల్లకు.

ఇవాళ్టి నుంచి ఈ చిట్టా చేత్తో రాస్తున్నాను. ముందువి కూడా కాగితం మీదికి ఎక్కించాను. లేకపోతే నా బాధంతా మీకు "బాగోలేదు" అని చేరుతుంది.

నమోదు 5

మెరక నుంచి హెచ్చరిక వచ్చింది. వాయుగుండం బలపడుతోందట, రేపు సాయంత్రానికి మా మీదికి వస్తుందట. మా ఆయన పొద్దున్నుంచీ చేపలు ఎండబెట్టే దండెం కూడా విప్పేసి తాళ్ళు పేనుతున్నాడు. ఆయనకు భయమేస్తే చేతులు ఆడతాయి, నోరు ఆడదు.

ఊరు చూస్తే ముక్కలై ఉంది. లంగరు చూస్తే సెల్‌టవరు దగ్గరుంది. లంగరు దగ్గర మా వదిన ఒక్కతే ఉంది, చెయ్యి పైకి లేవని మనిషి. ఊరు ఆవిడ దగ్గరకు చేరకపోతే ఊరు పోతుంది. ఆవిడ ఊరి దగ్గరకు చేరకపోతే ఆవిడ పోతుంది. ఇక్కడ కొట్లో కూర్చుని నేను చేసేదేమిటి? మీటలు నొక్కడం.

నొక్కాను. సోమరాజు గారు పక్కన నిలబడి చెబుతుంటే, ప్రతి ఇంటికీ పేరుపేరునా, తిన్నారా అని మొదలుపెట్టి, జరిగిన పొరపాటు వివరించి, దండాలు పెట్టి రాశాను. అన్ని ఇళ్ళకూ ఒకేలా చేరింది:

"తుఫాను. రండి."

జవాబులు వచ్చాయి. వాళ్ళు ఎంత రాశారో తెలియదు, నాకు చేరినవి ఇవి: "రాం." "మేం కుక్కలమా?" "ఆర్డర్లు వేరేవాళ్ళకి." ఒకరైతే "మీరే పొండి" అన్నారు. వదిన దగ్గర్నుంచి ఏమీ లేదు.

మా ఆయన్ని పడవ మీద పంపించాను. ఇంటింటికీ తిరిగి నోటితోనే చెప్పిరమ్మన్నాను. గాలి లేస్తోంది, ఎదురీదుకుంటూ పోయి రెండిళ్ళకు మాత్రం చేరగలిగాడు. తిరిగి వచ్చి కూర్చున్నాడు.

"ఏవన్నారు?"

"భోజనం పెట్టారు."

"రెండిళ్ళలోనా?"

"ఊఁ. రెండో ఇంట్లో రొయ్యలు."

"వస్తామన్నారా లేదా మనిషీ!"

"వాళ్ళొస్తారంట. కానీ మిగతావోళ్ళంతా ఫోన్లో పలకరింపు లేకండా పిలిచారు కాబట్టి రారంట. అక్క దాకా పడవ పోలేదే. కెరటాలు పైకొచ్చేత్తన్నాయి." నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆ కోపం ఆయన మీద చూపించాను. రెండో ఇంట్లో రొయ్యలు తినేటప్పుడు అక్క గుర్తుకు రాలేదా అన్నాను. తప్పే. ఆయన మళ్ళీ తాడు అందుకున్నాడు.

తర్వాత ఒకే ఒక్క మాట టైపు చేశాను: "తిన్నారా?" ఇంకేమీ లేకపోతే కత్తిరించడానికి ఏముంటుంది, చూద్దాం అనుకున్నాను. తెర మీద వచ్చింది: "సారం లేదు. పంపలేదు." మళ్ళీ నొక్కాను. సారం లేదు. పంపలేదు. ఎన్నిసార్లు నొక్కినా అదే మాట. చెప్పు తీసుకున్నాను కానీ, పగలగొడితే ఆ రెండు మాటలు కూడా ఎవరికీ చేరవు కదా అని ఊరుకున్నాను.

నమోదు 6

పొద్దున ఆకాశం నల్లగా ఉంది. నేను శర్వాణిని తిడుతూ అన్నం వండుతున్నాను. ఆ పిల్ల రాసిన ముక్క గట్టిగా వెక్కిరిస్తూ చదివాను: "సర్వేలకు కత్తిరింపు లేదంట! ఎవడిక్కావాలి సర్వే?"

మా ఆయన తాడు పేనడం ఆపాడు. "సర్వే అంటే ఏటే?"

"మెరకవాళ్ళు అప్పుడప్పుడు అడుగుతారు చూడు, మీ ఇంట్లో ఎంతమంది, ఎన్ని దుప్పట్లు అని. అదీ."

"అంటే... ప్రశ్నలడగడవే కదా?"

"ఆఁ."

"మరి మనవూ ప్రశ్నే కదేఁటి అడగాలి?"

గరిట చేతిలోనే ఉంది. అలాగే కొట్లోకి పరిగెత్తాను. అన్నం మాడుతుంటే, రాత్రి నుంచీ మా తెప్ప మీదే ఉన్న సోమరాజు గారు దింపారట, తర్వాత చెప్పారు. కంప్యూటరులో ఒక మూల ‘సర్వే’ అని మీట ఉంది. నేను ఎప్పుడూ దాని జోలికి పోలేదు. నొక్కితే గళ్ళు తెరుచుకున్నాయి. సర్వే పేరు? తిండి సర్వే అని కొట్టాను. అడుగుతున్నది ఎవరు? తెప్పలపాలెం. ప్రశ్న? మీరు అన్నం తిన్నారా? జవాబులు: అవును, కాదు, లేక వివరంగా రాయండి. ఫలితాలు ఎవరికి చూపాలి? అందరికీ.

తెర మీద అక్షరాలు పచ్చగా వెలిగాయి: "ముఖ్యమైన సర్వే. అన్ని నంబర్లకూ పూర్తిగా పంపబడింది." తిన్నారా అని అడిగితే సారం లేదన్న ముండా యంత్రం, అదే మాటను గడిలో పెట్టి అడిగేసరికి దండం పెట్టి మోసుకెళ్ళింది.

కాసేపు ఏమీ లేదు. సముద్రం హోరు ఒక్కటే వినిపించింది. ఏసుమణి కూడా కొట్లోకి వచ్చి నా భుజం గిల్లుతూ నిలబడింది. అప్పుడు మోగింది. ఒకటి, తర్వాత ఇంకొకటి, తర్వాత లెక్కపెట్టడం నా వల్ల కాలేదు.

"తిన్నామండి! మీరు తిన్నారా? ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా?"

"చద్దన్నం, ఉల్లిపాయ. మీకేం కూర? తుఫానంట కదా, మమ్మల్ని ఎటు కట్టుకోమంటారు?"

"తిన్నాం. మా ఆవిడ అలిగి వండలేదు, నేను వండాను, బాగా కుదిరింది. ఇదుగో తాళ్ళు తీస్తున్నాం."

"మీరు ముందు తినండి, తర్వాత మాట్లాడుకుందాం. బయల్దేరాం."

ఒక్కళ్ళు కూడా అవును అనో కాదు అనో రాయలేదు. అందరూ వివరంగానే రాశారు. ప్రతి మాటా, ప్రతి కూరా, ప్రతి ఆశ్చర్యార్థకమూ పూర్తిగా వచ్చింది. నేను ఏడ్చాను. అవును, మెసేజీల కొట్లో కూర్చుని, గరిట పట్టుకుని ఏడ్చాను. రాసుకోండి.

తలుపులోంచి చూస్తే తెరచాపలు లేస్తున్నాయి. తెప్పలు మా వైపు తిరుగుతున్నాయి. సోమరాజు గారు చెయ్యెత్తి కేకలేస్తున్నారు, ఎవరికీ వినపడకపోయినా.

"లంగరో?" అన్నాడు మా ఆయన.

మా వదిన జవాబు లేదు. ఆవిడ గడి ఒక్కటే ఖాళీగా ఉంది. కోపం ఇంకా తగ్గలేదా? ఫోను తడిసిందా? మనిషే... ఆ మాట నేను అనుకోలేదు, మా ఆయన మొహంలో చూశాను.

అప్పుడు ఒక్కసారి మోగింది. మేడిశెట్టి సత్తెమ్మ. ఒకటే మాట.

"లేదు."

మా ఆయన చదివాడు. ఏసుమణి చదివింది. సోమరాజు గారు మూడుసార్లు చదివారు. ఆవిడ ఎవర్నీ సాయం అడిగిన మనిషి కాదు. భర్త పోయిన రోజున కూడా తిన్నాననే రాసింది. అటువంటి మనిషి లేదు అంటోంది. అడిగింది ఎవరు? నేనే గళ్ళో నింపాను కదా, తెప్పలపాలెం అని. ఊరు ఊరంతా అడిగింది. ఫలితాలు అందరికీ చూపమన్నాను. ఊరు ఊరంతా చూసింది.

తలెత్తి చూసేసరికి, మా వైపు వస్తున్న తెరచాపలన్నీ ఒక్కసారిగా సెల్‌టవరు వైపు తిరిగాయి.

నమోదు 7

గాలి పిచ్చెక్కినట్టు కొడుతోంది. మేమంతా వదిన తెప్ప చుట్టూ కట్టుకుని ఉన్నాం. మా ఆయన పేనిన తాడు ప్రతిదీ పనికొచ్చింది. చివరికి చేపల దండెం కూడా.

మేం వచ్చేసరికి వదిన గుడిసెలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒక చెయ్యి ఒళ్ళో పడి ఉంది. సంగతేమిటంటే, నిన్ననే ఆవిడకు కోపం దిగింది. వెనక్కి రావాలనుకుంది. లంగరు పైకి లాగబోతే గొలుసు నీళ్ళ అడుగున సెల్‌టవరు కాళ్ళకు చుట్టుకుపోయింది. లాగి లాగి, పట్టేసిన ఆ భుజాన్ని పూర్తిగా పాడుచేసుకుంది. సోమరాజు గారు గొలుసు పట్టుకుని గుంజి చూసి, "ఆయ్, ఇది ఈ జన్మలో ఊడదండి. ఇంతకంటే గట్టి లంగరు మనకెక్కడ దొరుకుద్ది, ఇక్కడే కట్టేయండి!" అన్నారు. అలా కట్టేశాం.

అన్ని ఇళ్ళ గిన్నెలూ వదిన ముందు బారుగా పెట్టారు. ఆవిడ వాటి వంక చూసి మొహం తిప్పుకుంది.

"తినండి వదినా. లేదన్నారు కదా."

"పొద్దున్నే తిన్నానే. చద్దన్నం."

"మరి లేదని ఎందుకు రాశారండీ!"

"మరి ఒచ్చి నన్ను లాక్కుపొండి అని రాయమంటావా? నా పరువేం కాను?" అంది. ఇటు తిరిగి, "‘సరే’ అని రాసినావు కదే నాకు," అంది.

నేను రాసింది చూపించి అంతా చెప్పాను. ఆవిడ కూడా తన ఫోను నా చేతికిచ్చింది. ఉప్పు మెసేజీ మొత్తం అందులో ఉంది. "పళ్ళాలూ, అన్నం తిన్నావంటే? పులుసు మా అమ్మ పెట్టినట్టే ఉంది, గిన్నె నాకేశాను. పులుసులో ఉప్పెక్కువ, అయినా రెండుసార్లు కలుపుకున్నాను. తమ్ముడికి చెప్పు, గిన్నె పంపుతున్నాను, ఖాళీగా పంపకూడదు కాబట్టి జంతికలు పెట్టాను." ఆ జంతికలు మా ఆయన ఎవరికీ చెప్పకుండా తినేశాడని కూడా ఇప్పుడే తెలిసింది. తాళ్ళు సరిచూసే నెపంతో బయటికి పోయాడు.

కంప్యూటరును గోనెలో చుట్టి వెంట తెచ్చాను. ఇంకా పనిచేస్తోంది. ఫలితం చూపించింది: "సర్వే విఫలం. ఒక్క ఇల్లు తప్ప ఎవరూ సూటిగా జవాబివ్వలేదు. సమాచారం పనికిరాదు." నీ మొహం పనికిరాదు అన్నాను.

కింద ఇంకొక జవాబు ఉంది. అన్ని నంబర్లకూ అంటే మెరక నంబర్లకు కూడా పోయినట్టుంది. శర్వాణి రాసింది:

"తిన్నానమ్మా. ఇవాళ తోటకూర పప్పు. మీరు తిన్నారా? రాసిన ప్రతిసారీ ముందు మిమ్మల్ని అదే అడుగుతున్నాను, మీరు ఒక్కసారి కూడా చెప్పలేదు. నామీద కోపమొచ్చిందేమో అనుకున్నాను. నిమ్మకాయ తొక్క ఇంకా నా సంచిలోనే ఉంది. కత్తిరింపు తీసేయమని ఇక్కడ అందరితో పోట్లాడుతున్నాను, తీయించి తీరతాను. తుఫాను జాగ్రత్త. అందరూ ఒకచోట ఉన్నారా?"

దాన్ని నేను ఎన్ని తిట్లు తిట్టానో ఈ చిట్టాలోనే ఉన్నాయి. కొట్టేయడం లేదు. చదువుకుని నవ్వుకుంటుంది. "ఒకచోటే ఉన్నాం తల్లీ," అని రాశాను. అది ఎలా చేరుతుందో ఏమో మరి.

గాలి ఒక్కసారి తెప్పను ఎత్తి దింపింది. గొలుసు గట్టిగా మూలిగింది, పట్టు వదల్లేదు. పక్క తెప్పలో ఎవరో పాడుతున్నారు. వదిన ఆ గిన్నెలన్నిట్లోంచి ఒకదాన్ని మూత తీసి వాసన చూసింది. నాదే, ఇవాళ హడావుడిలో పెట్టిన పులుసు.

"ఏవే పళ్ళాలూ, అందర్నీ అడిగావు కదా. నువ్వు తిన్నావా?"

తిన్నాననబోయాను. నోటి చివర ఉంది ఆ మాట, ఏళ్ళ తరబడి అలవాటైన మాట. కానీ నిన్న పొద్దున్నుంచి నా కడుపులో ఏమీ పడలేదు. ఎవరూ అడగలేదు, నేనూ గుర్తుచేసుకోలేదు.

"లేదు వదినా," అన్నాను.

ఆవిడ బాగున్న చేత్తో అన్నంలో పులుసు పోసి, కలిపి, ముద్ద చేసి నా నోట్లో పెట్టింది. పెట్టి నా మొహంలోకే చూస్తూ కూర్చుంది.

ఉప్పు నిజంగానే ఎక్కువైంది. ఇంకో ముద్ద పెట్టమన్నాను.